ఇంకో కొండాపూర్

కొండాపూర్ అనగానే మా సాఫ్ట్‌వేర్ జనాలకి గుర్తొచ్చేది హైటెక్ సిటీ పక్కనున్నది. అద్దెలు, ట్రాఫిక్కు, అర్ధరాత్రి బిర్యానీ. అదే పేరుతో సంగారెడ్డికి అవతల ఇంకోటుంది. వయసులో దాని ముందు మనది పసిపిల్ల.

ముంబై హైవే మీద బస్సులో వెళ్ళేవాళ్ళకి కిటికీలోంచి కనపడేవి బీహెచ్‌ఈఎల్, ఇక్రిశాట్, పటాన్‌చెరు ఫ్యాక్టరీ గోడలు, బారులు తీరిన లారీలు, కంది దగ్గర ఐఐటీ. "అక్కడ చూడ్డానికేముంది, అన్నీ కంపెనీలేగా!" అంటారు ఎవర్నడిగినా. బీహెచ్‌ఈఎల్ 1960లలో వచ్చింది, ఇక్రిశాట్ 1972లో, ఐఐటీ 2008లో. వీటినే లెక్కేసుకుంటే ఈ ప్రాంతానికి చరిత్ర నిన్న గాక మొన్న మొదలైందనిపిస్తుంది. నేను చెప్పొచ్చేది ఒక్కటే, ఈ నేలకి కార్ఖానాలు కొత్తేం కాదు.

కొండాపూర్ ఊరి బయట ఒక పెద్ద మట్టిదిబ్బ ఉంది. కోటగడ్డ అంటారు. దాన్ని 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వించింది. అప్పటి డైరెక్టరు గులాం యాజ్దానీ, అజంతా చిత్రాల మీద పెద్ద పుస్తకాలు వేసిన ఆయనే. తవ్వితే ఇటుక కట్టడాలు, బౌద్ధుల స్తూపం, చైత్యం బయటపడ్డాయి. అంతవరకూ మన దగ్గర చాలాచోట్ల ఉన్నదే. నాకు ఆసక్తిగా అనిపించేవి మిగతా సామాన్లు. దాదాపు రెండువేల నాణేలు, ఎక్కువ భాగం శాతవాహనులవి. సీసంవి, రాగివి, పోటిన్ అనే మిశ్రమలోహంవి. రంగురంగుల పూసలు కుప్పలుగా. ఇనప పనిముట్లు. కాల్చిన మట్టి బొమ్మలు, తెల్లటి కేయొలిన్ మట్టితో చేసినవి. కొన్ని బొమ్మల జుట్టు ముడులు చూస్తే ఇప్పటి బ్యూటీపార్లర్ వాళ్ళు కూడా కాసేపు ఆగి చూడాల్సిందే.

ఇన్ని నాణేలు ఒకేచోట దొరకడం వల్ల ఇక్కడ టంకశాల ఉండేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. బొమ్మలు కూడా ఒక్కోటీ చేత్తో మలిచినవి కావు. ముందో అచ్చు, వెనకో అచ్చు పెట్టి రెండు సగాలూ అతికించి లోపల డొల్లగా చేసినవి చాలా ఉన్నాయి. అచ్చంటూ తయారుచేసుకున్నాక ఎన్ని కావాలంటే అన్ని తీయొచ్చు. దీన్ని మాస్ ప్రొడక్షన్ అనకపోతే ఇంకేమనాలి? నాణేలు పోసేవాళ్ళు, పూసలు చేసేవాళ్ళు, కమ్మర్లు, కుమ్మర్లు కలిసి బతికిన ఊరంటే నా మటుకు నాకు అది రెండువేల ఏళ్ళనాటి ఇండస్ట్రియల్ ఎస్టేటే. ఎగుమతి వ్యాపారం కూడా లేకపోలేదు. రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం ఒకటి ఇక్కడి మట్టిలోనే దొరికింది. సముద్రం ఎక్కడ, సంగారెడ్డి ఎక్కడ!

ఇప్పుడు వెనక్కి, పటాన్‌చెరుకి వద్దాం. కళ్యాణి చాళుక్యుల శాసనాల్లో కనిపించే పొట్టలకెరె ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. 11వ శతాబ్దం మొదటి భాగంలో జగదేకమల్ల జయసింహుడు ఇక్కణ్ణుంచి రాజ్యం చేశాడు. ఆయన రాణి సుగ్గలదేవి దేవర దాసిమయ్య శిష్యురాలనీ, ఇక్కడే ఆయన జైనుల్ని వాదంలో ఓడించాడనీ వీరశైవుల్లో కథ ఉంది. జైనం ఇక్కడ బలంగా ఉండేదనడానికి ఆ కథ అక్కర్లేదు, రాళ్ళే చాలు. కాకపోతే ఆ రాళ్ళు చూడాలంటే పటాన్‌చెరు వెళ్ళి లాభం లేదు. ఇక్కడ దొరికిన తీర్థంకరుల విగ్రహాల్లో మంచివి హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. భద్రంగా ఉన్నాయి, కాదనను. కానీ ఒకప్పుడు మనూరు రాజధాని అన్న సంగతి పటాన్‌చెరు బళ్ళో చదివే పిల్లాడికి ఏ రాయి చెబుతుంది?

సంగారెడ్డి దాటాక, హైవేకి దగ్గర్లోనే ఉన్న నందికంది రామలింగేశ్వరాలయం ఆ కాలందే. నక్షత్రం ఆకారంలో కట్టిన గుడి. స్తంభాల మీద శిల్పాలకోసమైనా ఒక పూట ఆగాలి. సంగారెడ్డిలో మాత్రం అందరికీ తెలిసిన కట్టడం జైలు! 1796లో కట్టింది. ఖైదీల్ని కొత్త జైలుకి మార్చాక దీన్ని మ్యూజియం చేశారు. 2016లో, రోజుకి 500 రూపాయలు కట్టి ఖైదీలా ఉండొచ్చన్నారు. పేపర్లన్నీ రాశాయి. డబ్బిచ్చి జైల్లో కూర్చునే సరదా నాకు అర్థం కాదు, మా ఆఫీసులో అది ఉచితం :)

ఇక మన కాలం వంతు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగుని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. శుద్ధి అయ్యాక సంగతి అది! అప్పట్లో ఆ నీళ్ళు ఇసకవాగులోంచి నక్కవాగుకీ, అక్కణ్ణుంచి మంజీరకీ పోయేవి. శాతవాహనుల కార్ఖానాలు మట్టిలో పూసలూ బొమ్మలూ వదిలాయి. నక్కవాగు ఒడ్డున తవ్వేవాళ్ళకి దొరికేవాటికి మ్యూజియంలో గాజుపెట్టె సరిపోదు.

కొండాపూర్ మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది, శుక్రవారం సెలవు. మ్యాపులో వెతికేటప్పుడు పేరు పక్కన సంగారెడ్డి అని తప్పకుండా కొట్టండి, లేకపోతే ఫోను మిమ్మల్ని తిన్నగా హైటెక్ సిటీకి తీసుకొచ్చేస్తుంది.