ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: వ్యాపార ప్రయోజనాలు, సపోర్టు సేవలు

సోర్స్ కోడును ఎవరైనా చదివి, మార్చి, పంచుకునే హక్కును లైసెన్సులోనే ఇచ్చేది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. వాడుకలో దీన్ని ఉచిత సాఫ్ట్‌వేర్ అనేస్తారు గాని, వ్యాపారి దృష్టితో చూస్తే లైసెన్సు రుసుము మిగలడం దీని లాభాల్లో చిన్నది. కోడు అందుబాటులో ఉన్న సంస్థ ఒకే కంపెనీని పట్టుకుని వేలాడనక్కర్లేదు. సేవ నచ్చకపోతే మరొకరిని పెట్టుకోవచ్చు. అసలు లాభం ఇదే.

రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును 1983లో ప్రకటించారు. 'ఓపెన్ సోర్స్' అనే పేరు 1998 ఫిబ్రవరిలో వచ్చింది. దాన్ని క్రిస్టీన్ పీటర్సన్ సూచించారన్నది ఎక్కువమంది అంగీకరించే కథనం. సపోర్టు అమ్మే వ్యాపారానికి రెడ్ హ్యాట్‌ను ఆద్య సంస్థగా చెప్పడం పరిపాటి. ఆ కంపెనీ పుట్టుకను కొందరు 1993గా, కొందరు దాని తొలి లినక్స్ విడుదలను బట్టి 1994గా లెక్కిస్తారు. ఏది తీసుకున్నా, 1989లో ఇదే వ్యాపారంతో మొదలైన సిగ్నస్ అనే కంపెనీ దానికంటే ముందుది. రెడ్ హ్యాట్ తరవాత సిగ్నస్‌ను కొనేసింది. రెడ్ హ్యాట్‌ను 2019లో ఐబీఎం దాదాపు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. కోడు అందరికీ తెరిచి ఉన్నా ఖాతాదారులు డబ్బు కట్టింది పరీక్షించిన వెర్షన్లకూ, భద్రతా సవరణలకూ, ఆపదలో పలికే ఇంజనీరుకూ.

తెలుగు నేలపై దీనికి చక్కటి ఉదాహరణ హైదరాబాదులో తయారైన న్యూజెన్‌లిబ్ అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్. వెరస్ సొల్యూషన్స్ దీన్ని రూపొందించగా, గ్రంథాలయ శాస్త్ర పరిజ్ఞానాన్ని కేశవన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అండ్ నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ సమకూర్చింది. 2005లో అమ్మకపు సరుకుగా వచ్చి, 2008 జనవరిలో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందికి మారింది. డేటాబేసు కూడా ఓపెన్ సోర్స్ అయిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎలే కావడంతో దానికీ వేరే రుసుము లేదు. లైసెన్సు అమ్మకం పోయాక ఇలాంటి కంపెనీకి మిగిలే ఆదాయం ఇన్‌స్టలేషన్, పాత రికార్డుల బదిలీ, శిక్షణ, ఏటేటా నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ). గ్రంథాలయానికి నిజంగా బరువైనదీ ఆ బదిలీయే: సీడీఎస్/ఐసిస్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి ఎక్కించిన పుస్తకాల వివరాలను మార్క్ 21 అనే కేటలాగు ప్రమాణంలోకి తేవాలంటే అనుభవజ్ఞులు కావాలి.

న్యూజిలాండ్‌లో పుట్టి, 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన మరో ఓపెన్ సోర్స్ గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహాకు అనేక దేశాల్లో సపోర్టు కంపెనీలున్నాయి. న్యూజెన్‌లిబ్ సేవలు ప్రధానంగా మాతృసంస్థ చుట్టూనే తిరిగాయి. కోడు తెరిచినంత మాత్రాన పోటీ రాదు, సేవ చేయగల చేతులు పెరగాలి.

ఈ కోణంలో కడప జిల్లా పట్టణాలకు ఒక అనుకూలత ఉంది. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల 2006లో ఏర్పడింది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ప్రొద్దుటూరు బంగారం, బట్టల కొట్లకైనా, పులివెందుల అరటి వ్యాపారులకైనా, గండికోట సందర్శకులతో నడిచే జమ్మలమడుగు లాడ్జీలకైనా కావలసినవి బిల్లింగు, స్టాకు, జీఎస్టీ లెక్కలు. ముంబైలో తయారైన ఈఆర్‌పీనెక్స్ట్ వంటి ఓపెన్ సోర్స్ ప్యాకేజీలు వీటికి సరిపోతాయి. సర్వరు ఆగిన రోజు బెంగళూరుకు ఫోను చేసి ఎదురుచూడడం కంటే, ఊళ్లోనే ఉండి కోడు తెలిసిన మనిషితో ఒప్పందం మేలు. ఆ డబ్బూ జిల్లాలోనే తిరుగుతుంది. డీటీపీ కేంద్రాలకు ఇంకో సౌకర్యం: సిలికానాంధ్ర అందించిన మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో దొరుకుతాయి.

సపోర్టు లేకుండా నడిపే ముప్పును, సర్వర్లలో వాడే ఉచిత లినక్స్ రూపమైన సెంటాస్ ఉదంతం చూపింది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8కు 2021 డిసెంబరుతోనే సవరణలు ఆగిపోతాయని 2020లో ప్రకటన వెలువడింది. కోడు బహిరంగం కాబట్టే ఏడాది తిరక్కముందే దాని స్థానంలో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ పుట్టాయి. అయినా వాటికి మారే శ్రమ సర్వర్లు నడిపేవారిదే అయింది. భారత ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానం ప్రభుత్వ టెండర్లలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇచ్చి, వద్దనుకుంటే కారణం చూపాలంది. ప్రైవేటు కొనుగోలుదారు మాత్రం ఏఎంసీ కాగితంలోనే ఎన్ని గంటల్లో స్పందిస్తారు, బ్యాకప్ ఎవరి బాధ్యత, ఒప్పందం ముగిశాక డేటాను ఏ రూపంలో అప్పగిస్తారు అన్నవి రాయించుకోవాలి.