లింకన్ పట్టణపు నీరు

మన ప్రబంధకవులు పురవర్ణనమున కోటలను, మేడలను, ఉద్యానములను వేనోళ్ల గొనియాడిరి. భూమిలో పూడ్చిన నీటిగొట్టములను వర్ణించిన కవిని మాత్రము మే మెరుగము. అయినను పురజనుల ఆయువు వానిమీదనే యాధారపడి యున్నది. ఇందులకు ఆంగ్లదేశమందలి లింకన్ పట్టణ చరిత్రము నిదర్శనము.

20వ శతాబ్ది యారంభమున లింకన్ జనసంఖ్య ఇంచుమించు 50,000. కొండమీద మధ్యయుగము నాటి క్రైస్తవ దేవాలయము, దిగువను యంత్రశాలలు, వాని నడుమ విథమ్ నది. పట్టణమునకు త్రాగునీరు ఆ నదినుండియు, సమీపమందలి చెరువునుండియు వచ్చుచుండెను. దానిని ఇసుక తొట్లలో వడగట్టుచుండిరి. ఇసుకపై పేరుకొను సన్నని జీవపుపొరయే సూక్ష్మజీవులను చాలవరకు పట్టియుంచును. నీరు మెల్లగా దిగినగాని ఆ పని సాగదు. లింకన్ తొట్లు ఆ పనిని సరిగా చేయజాలని స్థితిలో నుండెను.

1897లో కెంటు మండలమందలి మెయిడ్‌స్టన్ పట్టణమున కలుషజలము వలన టైఫాయిడ్ జ్వరము ప్రబలి, సుమారు 130 మంది మరణించిరి. ఏడేండ్లకు లింకన్ వంతు వచ్చెను. 1904–05 శీతకాలమున వేయిమందికి పైగా జ్వరపడిరి. 113 మంది చనిపోయిరి.

అప్పుడు డాక్టరు అలెగ్జాండర్ హూస్టన్ వడపోతకు ముందుగనే నీటిలో క్లోరిన్ ద్రావకమును కలుపు నేర్పాటు గావించెను. నీటి రుచి చెడెనని కొందరు గొణిగిరి. ఒక పట్టణపు నీటిలో ఎడతెగక క్లోరిన్ కలిపిన తొలి ప్రయత్నములలో నిది యొకటి.

లింకన్ వారు మందుతోనే తృప్తిపడి యూరకుండలేదు. నాటింగ్‌హామ్‌షైరులోని ఎల్కెస్లీ కడ భూగర్భజలమును తోడి, ఇరువది మైళ్లకు పైగా గొట్టములు వేసి తెచ్చుకొనిరి. కొండపై వెస్ట్‌గేటున ఎత్తైన నీటిగోపురమును గట్టిరి. 1911లో క్రొత్త నీరు వచ్చిన పిదపనే ఆ మందు మానిరి. మందు వారికి గడువు నిచ్చెను; ఆ గడువును వారు వ్యర్థపుచ్చలేదు.

మన నడిమితరగతి పట్టణముల సంగతి యేమి? గొట్టము నీటితో నిండియుండి లోపల ఒత్తిడి గలిగినంతసేపు వెలుపలి మురుగు చొరజాలదు. దినమునకు గంటయో రెండు గంటలో నీరు విడిచి కట్టివేసినచో, ఖాళీయైన పాతగొట్టము పగుళ్ల గుండ ప్రక్కకాలువలోని మురుగును లోనికి పీల్చుకొనును. వీథిలో వాంతులు, విరేచనములు పుట్టగానే బ్లీచింగు పౌడరు చల్లుదురు. అది మంచిదే. కాని రోగము తగ్గగానే గొట్టము మాట మరచుట మంచిది కాదు.

క్రొత్త కొళాయి ప్రారంభమునకు పూలమాలలు గలవు. పాతగొట్టము మార్చునాడు మన గుమ్మము ముందు గోతులు, బురద, అటుపై పన్ను. విద్యావంతులైన గృహస్థులే ఆ గోతులకు విసుగుకొని, ఆ పన్నుకు గొణిగినచో, మునిసిపాలిటీవారు ఆ పనికి పూనుకొనుటకు ఎవరి యండ జూచుకొందురు? మన వీథిగొట్టము ఏ యేట వేసినదో, మురుగుకాలువకు ఎంత దూరమున నున్నదో చదువరులు విచారింతురు గాక. లింకన్ ఆ విచారణకు 113 ప్రాణములు చెల్లించినది.