పడవ గదిలో పాదాల కింద

నేల చూసి నడవమని ఇంట్లో పెద్దలు చెబుతారు. పడవలో అయితే నేలను ఎత్తి చూశాకే నడవాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

2010లో నేను అస్సాంలో బ్రహ్మపుత్ర ఒడ్డున ఒక యూనిట్‌లో నాయబ్ సుబేదార్‌గా ఉన్నాను. మా దగ్గర ఒక పాత చెక్క లాంచీ ఉండేది. దాని క్యాబిన్ పట్టుమని పదడుగులు లేదు. ఇన్‌స్పెక్షన్ వస్తోందని క్యాబిన్‌లో ఎర్ర కార్పెట్ పరిపించి, అంచుల దాకా గమ్ముతో అతికించింది నేనే. అందరూ "శభాష్ సాబ్" అన్నారు. ఒక వానాకాలం గడిచింది. ఒకరోజు డీజిల్ డబ్బా మోస్తున్న మా హవల్దార్ కాలు కార్పెట్‌తో సహా నేలలోకి దిగబడి చీలమండ విరిగింది. ఆయన శ్రీకాకుళం వాడు. స్ట్రెచర్ మీద పడుకుని కూడా నవ్వుతూ, "పైన పటారం, లోన లొటారం అంటే ఇదే సాబ్" అన్నాడు. ఆ మాట నాకు ఛార్జిషీట్ కన్నా గట్టిగా తగిలింది. అప్పటి నుంచి పడవల నేలల గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

తెరచాప ఓడల కాలంలో డెక్ అంటే చెక్కే. నావికులు మోకాళ్ల మీద కూర్చుని ఇసుకరాయితో దాన్ని రుద్దేవారు. ఆ రాయిని ఇంగ్లీషు నావికులు హోలీస్టోన్ అనేవారు. పెద్ద రాయి బైబిల్, చిన్న రాయి ప్రార్థన పుస్తకం! చెక్కల్లో మన టేకుకు సాటి లేదు. దానిలోని సహజమైన నూనె వల్ల అది తొందరగా పుచ్చదు. బొంబాయిలో వాడియాలు మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక 1817లో నీటిలోకి దిగింది. అది ఈనాటికీ ఇంగ్లాండులోని హార్టిల్‌పూల్‌లో ఉంది. మన గోదావరి జిల్లా కోరంగి కూడా ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడ్డ రేవే. 1839 తుపాను దాన్ని చావుదెబ్బ తీసింది.

తరువాత లినోలియం వచ్చింది. 1863లో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఇంగ్లీషువాడు దానికి పేటెంట్ తీసుకున్నాడు. అవిసె నూనె, బెరడు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచి చేసేవారు. ఆ గోనెకు జనుము మన బెంగాల్ నుంచే వెళ్లేది. కడగడానికి సులువు కాబట్టి యుద్ధనౌకల్లోనూ వాడారు. కాని అది మండుతుంది. అందుకే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నేవీ తన యుద్ధనౌకల్లోని లినోలియం పీకించేసింది.

సైనికులుగా మనం మరువకూడని నేల ఇంకొకటుంది. 1915 నవంబరులో మెసొపొటేమియాలో టెసిఫాన్ యుద్ధం జరిగింది. గాయపడ్డవారిని, అందులో ఎందరో భారతీయ సిపాయిలను, టైగ్రిస్ నది మీద స్టీమర్లలో, ఇనుప బార్జీలలో బస్రాకు పంపారు. పరుపుల్లేవు, తగినన్ని మరుగుదొడ్లు లేవు. మెజిదియె అనే స్టీమర్ సుమారు 600 మందితో రేవుకు వచ్చినప్పుడు, ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన మేజర్ కార్టర్ ఆ డెక్కులను కళ్లారా చూశారు. విరేచనాల రోగులూ, ఎముకలు విరిగినవారూ అదే మలినంలో పడి ఉన్నారు. బెదిరించినా ఆయన తన మాట మార్చుకోలేదు. 1917లో విచారణ సంఘం నివేదిక బయటకు వచ్చింది. భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ రాజీనామా చేశారు. గట్టి నేల ఉంటే చాలదు, దాన్ని కడిగించే మనిషి ఉండాలి. లేదని చెప్పే మనిషి కూడా ఉండాలి.

ఫైబర్‌గ్లాస్ పడవలు పెరిగాక, లోపలి గరుకుతనం కనబడకుండా, చప్పుడు తగ్గేలా కార్పెట్ వేయడం అలవాటైంది. ఎండిన చోట అది బాగానే ఉంటుంది. తడిస్తే స్పాంజిలా నీరు పట్టి ఉంచి, కింది చెక్కకు గాలి తగలనివ్వదు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు పట్టి పుచ్చిపోతుంది. మా లాంచీలో జరిగింది అదే. పైగా అడుగున చేరిన నీటిని చూసే మూత కూడా కార్పెట్ కిందే మూసుకుపోయింది.

చివరికి ఆ నేల మేమే బాగుచేశాం. కార్పెట్ పీకి, గమ్ము గీకి, పుచ్చిన పలకలూ రెండు దూలాలూ మార్చాం. అట్టతో కొలత కోసి, దాని ప్రకారం మెరైన్ ప్లైవుడ్ కోశాం. రెండు వైపులా, ముఖ్యంగా అంచులకు, వార్నిష్ పట్టించాం. నీటికి అంచులే దారి. గోడల పక్కన గాలి ఆడేందుకు సందు వదిలాం. ఇత్తడి స్క్రూలు బిగించాం. కాలు జారకుండా పై పెయింటులో సన్న ఇసుక కలిపాం. మూత మాత్రం ఒక్క చేత్తో ఎత్తేలా ఉంచాం.

హవల్దార్ మూడు నెలలకు కోలుకుని వచ్చి, ముందుగా ఆ మూత ఎత్తి లోపలికి చూశాడు. "ఇప్పుడు బాగుంది సాబ్" అన్నాడు. ఆ ఏడు ఇన్‌స్పెక్షన్‌లో క్యాబిన్‌ను ఎవరూ పొగడలేదు. నాకు మాత్రం నిద్ర పట్టింది.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు ఒక్క మాట. ఇన్‌స్పెక్షన్ ఒక్క రోజే. మన జవాను ఆ నేల మీద ఏడాది పొడవునా నడుస్తాడు.

జై హింద్.