దిమాగ్ దర్వాజా దగ్గర పహరా

మా చిత్తూరు వైపు ఇళ్లలో "వేలూరు తీసుకుపోయినారంట" అంటే చాలు, వినేవాళ్ల గొంతు తగ్గిపోతుంది. మా ఖాలాకు దిమాగ్‌లో గడ్డ అని తెలిసినప్పుడు అబ్బా నోట విన్న మాట అదే. చిత్తూరుకు వేలూరు పరాయి ఊరు కాదు. 1911 దాకా రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే, జిల్లా సదర్ ముకాం చిత్తూరే! ఆ వేలూరు సీఎంసీలో 1949లో డాక్టర్ జాకబ్ చాందీ దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. తిరుపతిలో స్విమ్స్ 1993లో గానీ రాలేదు.

కత్తికి అందని గడ్డకు దవా ఎందుకు చేరదు? 1885లో జర్మనీలో పాల్ ఎర్లిఖ్ జంతువుల నెత్తుట్లోకి రంగు ఎక్కించాడు. ఒళ్లంతా రంగు పట్టింది, దిమాగ్‌కు తప్ప. దానికి ఆ రంగు గిట్టదేమో అనుకున్నాడాయన. 1913లో ఆయన షాగిర్ద్ గోల్డ్‌మాన్ రంగును మెదడు చుట్టూ ఉండే నీటిలోకే ఎక్కించాడు. ఈసారి దిమాగ్‌కు పట్టింది, ఒంటికి పట్టలేదు. అంటే ఉస్తాద్ ఖయాల్ తప్పు. మధ్యలో పహరా ఉంది. మెదడులోని సన్న నెత్తురు నాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని, జహర్‌తో పాటు దవాను కూడా ఆపేస్తాయి.

మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్‌కూ ఇదే తక్లీఫ్. దిమాగ్‌లోకి చేరాలంటే మోతాదు బాగా పెంచాలి, లేదా వెన్నునీటిలోకి సూది వేయాలి.

1995లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రొఫెసర్ యోర్గ్ క్రాయ్టర్, రష్యా సాథీలతో కలిసి వేరే దారి పట్టాడు. పహరా దాటలేని ఒక నొప్పి మందును నానోకణాలకు అంటించి, పైన పాలీసార్బేట్ 80 పూత వేసి ఎలుకలకు ఇచ్చారు. పనిచేసింది. ఆ పూత నెత్తుట్లో కొవ్వు మోసే ప్రొటీన్‌ను తగిలించుకుంటుందనీ, పహరాదారు అది కొవ్వు మూటే అనుకుని రానిస్తాడనీ వాళ్ల అందాజ్. 2010లో యూరప్‌లో ఇంకో పద్ధతికి ఇజాజత్ దొరికింది. ఐరన్ ఆక్సైడ్ నానోకణాలను నేరుగా గడ్డలోకే ఎక్కించి, బయటి నుంచి అయస్కాంత క్షేత్రంతో వేడెక్కిస్తారు. దర్వాజా తట్టే పనే లేదు. అయినా నేటికీ ప్రధాన ఇలాజ్ ఆపరేషన్, రేడియేషన్, కీమోనే.

ఇప్పుడు కుష్తాలు అమ్మేవాళ్లు కొందరు "మాదీ నానోనే భాయ్" అంటున్నారు. సన్నగా నూరినంత మాత్రాన పహరా దాటదు. పాదరసం, సీసం ఉన్న కుష్తా సరిగా తయారు కాకపోతే గుర్దాలు పోతాయి. ఖాలాకు మావాళ్లు మూడు నెలలు అలాంటి పుడియాలే తినిపించి, ఆ తర్వాత వేలూరు తీసుకెళ్లారు. అప్పటికి గడ్డ పెరిగింది. పుడియాలు చుట్టిన కాగితాలు అమ్మీ సందూక్‌లో ఇంకా ఉన్నాయి.