భాషాభాగాలు – బడిపిల్లలు

భాషాభాగాలు ఎన్ని, అవి ఏవి అన్న ప్రశ్నకు జవాబు వల్లించకుండా తెలుగు బడి దాటి వచ్చినవారు మనలో బహు కొద్దిమంది. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం – ఈ అయిదు పేర్లనూ, వాటి నిర్వచనాలనూ ఎక్కాలతోపాటే కంఠస్థం చేస్తాం. ఈ అయిదూ ఎక్కడినుంచి వచ్చాయి? ఎవరి అవసరం కోసం వచ్చాయి? తెలుగు మాట్లాడే పిల్లవాడికి అవి ఏమి నేర్పుతున్నాయి? ఈ ప్రశ్నలను మాత్రం బడి అడగదు. వ్యాకరణం ఆకాశంనుంచి ఊడిపడలేదు. మనుషులు ఏర్పరచుకున్న అన్నిటిలాగే దానికీ చరిత్ర ఉంది. ఆ చరిత్రను మరిచినప్పుడే అది శాసనమై పిల్లల నెత్తిమీద కూర్చుంటుంది.

పదాలను ఇన్ని తరగతులుగానే విభజించాలన్న నియమం లోకంలో ఎన్నడూ లేదు. యాస్కుడు నిరుక్తంలో నామ, ఆఖ్యాత, ఉపసర్గ, నిపాతాలని నాలుగన్నాడు. పాణిని సుబంతం, తిఙంతం అని రెండింటితోనే పని జరుపుకున్నాడు. గ్రీకు వైయాకరణులు ఎనిమిదన్నారు. గ్రీకులో ఉన్న ఆర్టికిల్ లాటిన్‌లో లేదు. అయినా ఎనిమిది అన్న లెక్క తగ్గకుండా రోమన్ పండితులు ఆశ్చర్యార్థకాన్ని వేరే భాగంగా నిలబెట్టారు. క్రీ.శ. 4వ శతాబ్దంలో డొనాటస్ పిల్లల కోసం ప్రశ్నోత్తరాలుగా రాసిన చిన్న వ్యాకరణం వందల ఏళ్లపాటు యూరప్ బడులను ఏలింది. ఇంగ్లీషు వ్యాకరణాలు ఆ మూసలోనే తయారయ్యాయి. లెక్క కోసం భాషను సర్దటమనే అలవాటు అంత పాతది.

మన వీధిబడులకు ఈ అయిదింటితో పరిచయం లేదు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో జిల్లాల వారీగా బడుల లెక్కలు తెమ్మన్నప్పుడు, బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో ఒక నివేదిక పంపాడు. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఇసుకలో అక్షరాలు దిద్దటం, ఎక్కాలు, పద్యాలు వల్లించటం – ఇదీ చదువు. ఆ పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. పిల్లలు అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారని అతడు గమనించాడు. పరాయి పాలకుడి చూపులో ఉండే తక్కువచూపును మినహాయించినా, ఈ పరిశీలన తోసివేయదగినది కాదు.

ఈ కాంబెల్లే 1816లో తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రాశాడు. అంతకు రెండేళ్ల ముందు, 1814లో, విలియం కేరీ వ్యాకరణం వచ్చింది, 1840లో సి.పి. బ్రౌన్‌ది వచ్చింది. తెలుగు రాని కంపెనీ ఉద్యోగులకూ మతప్రచారకులకూ తెలుగు నేర్పటం వీటి లక్ష్యం. తెలుగు రానివాడికి తెలిసిన తరగతులతో ప్రారంభించటం సబబే. కాని అదే చట్రం తెలుగు పుట్టుకతో వచ్చిన పిల్లల బడిలోకి ప్రవేశించినప్పుడు సంగతి మారిపోయింది. చట్రం యూరప్‌ది, పేర్లు సంస్కృతానివి. పాణిని సర్వనామమన్నది ఒకే తీరున రూపాలు పొందే కొన్ని పదాల జాబితాకు. అందులో ‘అన్ని’ అనే అర్థమున్న మాటలూ ఉన్నాయి. విశేషణమన్నది రెండు పదాల మధ్య ఉండే సంబంధానికి పేరు. బడి వ్యాకరణం ఆ పేర్లను తీసుకుని వేరే పని అప్పగించింది.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు రాజధానిలో అమలైన ‘ఫలితాలను బట్టి గ్రాంటు’ పద్ధతి దీన్ని మరింత బిగించింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షిస్తాడు. ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు. అటువంటి చోట పిల్లవాడి ఆలోచనను తూచటం కష్టం, నిర్వచనాన్ని అప్పజెప్పించుకోవటం తేలిక. పంతులు బతుకుతెరువు పిల్లవాడి కంఠస్థం మీద ఆధారపడింది.

ఇదే కాలంలో, 1858లో, పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడింది. సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకంతో ముగిసే పది పరిచ్ఛేదాలు. సూత్రాల బిగువులో తెలుగులో దానికి సాటి లేదు. అది కావ్యభాషకు లక్షణం. సూరి ప్రతిభను తక్కువచేసి చూపవలసిన అవసరం ఎవరికీ లేదు. అయితే పేరులో బాలుడున్నా గ్రంథంలో బాలుడు లేడు. పండితుడు విప్పి చెప్పనిదే ఒక్క సూత్రమూ కదలదు. లక్షణానికి లొంగని మాట గ్రామ్యం. ఆ గీత గీయటంతో పిల్లవాడి తల్లి మాట్లాడే భాష బడి గుమ్మం బయటే నిలిచిపోయింది.

ఇక నిర్వచనాలనే తీసుకుందాం. పనిని తెలిపేది క్రియ అంటారు. ‘పరుగు’ పనే కదా, నామవాచకం ఎందుకయింది? ‘లేదు’, ‘తెలుసు’ అన్నవాటిలో ఏ పని జరుగుతున్నది? క్రియ లేనిదే వాక్యం లేదంటారు. ‘మా నాన్న కూలీ’ అన్నది నిండైన తెలుగు వాక్యం; అందులో క్రియ ఎక్కడ? గుణాన్ని చెప్పేది విశేషణమంటే ‘ఎర్ర ఆవు’లో ‘ఎర్ర’ సరే. ‘మేసిన ఆవు’, ‘మేయని ఆవు’ మాటేమిటి? పై తరగతిలో క్రియాజన్య విశేషణమని మరో మాసిక వేస్తారు. మార్పు చెందనిది అవ్యయమంటారు; ‘రేపు’ను ఆ గంపలో వేస్తారు. ‘రేపటికి’, ‘రేపటి పని’ అని పిల్లవాడు రోజూ ఆ మాటను మారుస్తూనే ఉంటాడు.

బడిలో అడుగుపెట్టకముందే ఆ పిల్లవాడికి ‘మనం’, ‘మేము’ల తేడా తెలుసు. అవతలివాణ్ణి కలుపుకున్నప్పుడు ఒకటి, విడిచినప్పుడు మరొకటి వాడటంలో వాడు తప్పటడుగు వెయ్యడు. ‘రాను’, ‘రాడు’, ‘రాలేదు’లను తికమక పెట్టుకోడు. అంటే వ్యాకరణం వాడిలో ఉంది. దాన్ని వాడి చేతనే బయటికి తీయించటం ఉపాధ్యాయుడి పని.

ఇక్కడ అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఒక పిల్లవాడు ‘వస్తున్నాడు’ అంటాడు, రాయలసీమ పిల్లవాడు ‘వస్తాండాడు’ అంటాడు, తెలంగాణ పిల్లవాడు ‘వస్తుండు’ అంటాడు. భాషాభాగాల దృష్టిలో మూడూ క్రియలే, మూడింటికీ ఒకే హోదా. విశ్లేషణగా చూస్తే వ్యాకరణం సమతావాది. బడి చేతిలో మాత్రం అది కొందరి నుడికి పట్టం కట్టి, తక్కినవారి నుడికి ఎర్రసిరా పూసే సాధనమైంది. నష్టపోయేది ఎవరు? ఇంట్లో పుస్తకం లేనివాడు, తన బదులు తప్పు దిద్దిపెట్టే తండ్రి లేనివాడు. తన మాట తప్పని మొదటి ఏడాదే తెలుసుకున్న పిల్లవాడు రెండో ఏడు నోరు విప్పడు.

ఈ అన్యాయాన్ని గట్టిగా ఎదిరించినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉంటూ, లిపిగాని వ్యాకరణంగాని లేని సవర భాషను ఆయన సవరల నోటినుంచే నేర్చుకున్నాడు; వారి పిల్లలకు బడులు నడిపాడు; 1931లో సవర భాషకు వ్యాకరణం వెలువరించాడు. సూత్రానికి ముందు ప్రజల నోరు ఉందన్న సత్యం ఆయనకు ఆ కొండలమీద అనుభవానికి వచ్చింది. 1906 ప్రాంతాల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్, పుస్తకాల తెలుగుకూ మాట్లాడే తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగినప్పుడు, గురజాడతో కలిసి గిడుగు ఆ ప్రశ్నను ఉద్యమంగా మార్చాడు. 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు వీరేశలింగం దానికి అధ్యక్షుడయ్యాడు. బడులకు సంగ్రహ వ్యాకరణం రాసిన చేయి చివరకు ఇటు మొగ్గటం చిన్న విషయం కాదు.

1970 దశకం నాటికి పాఠ్యపుస్తకాల వచనం చాలావరకు వ్యావహారికమైంది. 1975లో చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ క్రియారహిత వాక్యాలను తెలుగు స్వభావంగా గుర్తించి వివరించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పిల్లల ఇంటిభాషలను బడికి వనరన్నది. పాఠంలో భాష మారింది. పాఠం చివరి అభ్యాసంలో మాత్రం ‘కింది వాక్యాలలో విశేషణాలకు గీత గీయండి’ అన్నది పాత అధికారంతోనే కూర్చుంది.

అయితే వ్యాకరణం మానేద్దామా అని కొందరంటారు. మానకూడదు. తన భాషను తాను పరిశీలించగలగటం గొప్ప శక్తి. దాన్ని పేదపిల్లల చేతినుంచి లాక్కోవటం మరో అన్యాయం. క్రమం మార్చాలి. పిల్లలు చెప్పిన వాక్యాలనే నల్లబల్ల మీద రాయండి. ‘ఆవు మేసింది’లో ‘ఆవు’ తీసి ఆ చోట ఏయే మాటలు పెట్టవచ్చునో వారినే అడగండి: మేక, గొర్రె, దూడ, అది. ‘మేసింది’ తీసి మరేవి పెట్టవచ్చునో అడగండి. ఒకే చోట ఇమిడే మాటలు ఒక గుంపు అవుతాయి. గుంపు కట్టిన తరువాత పేరు పెడితే, ఆ పేరు పిల్లలకు బరువు కాదు. ఇమడని మాట ఎదురైతే మంచిదే. దాన్ని గురించి తరగతి వాదించుకోనివ్వండి. సవర, కోయ, గోండి ఇళ్లనుంచి వచ్చిన పిల్లలున్నచోట, వారి భాషలో ఆ గుంపులు ఎలా ఉన్నాయో వారినే చెప్పమనండి. ఆ గంట వారే ఉపాధ్యాయులు. దీనికి కొత్త పరికరాలు అక్కరలేదు. పిల్లవాడు తెచ్చుకున్న భాష కూడా భాషేనన్న గౌరవమూ, నిర్వచనాన్ని అప్పజెప్పించుకోవటంతో తృప్తిపడని పరీక్షా కావాలి. ఆ రెండూ ఉపాధ్యాయుడొక్కడి చేతిలో లేవు. ప్రశ్నపత్రం తయారుచేసేవారినీ, పాఠ్యపుస్తకం రాసేవారినీ నిలదీయవలసిన బాధ్యత రచయితలకూ ఉంది.