ఆదివారం అరబ్బీ బడి ఎలా పుట్టింది?

కడపలోనో, గుంటూరులోనో, హైదరాబాద్ పాతబస్తీలోనో ముస్లిం పిల్లల దీనీ (మత) చదువుకు ఆదివారంతో ప్రత్యేకంగా పనిలేదు. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే చాలా ఇళ్లలో బిస్మిల్లా వేడుక చేస్తారు. ఆ తర్వాత రోజూ పొద్దున బడికి ముందో, సాయంత్రం అసర్ నమాజు అయ్యాకో, అరబ్బీ అక్షరాలు నేర్పే ఖాయిదా పుస్తకం గుండెకు హత్తుకుని మసీదుకో, వీధిలో ఖురాన్ నేర్పే ఆపా ఇంటికో వెళ్లడమే. సెలవు శుక్రవారం. అదే చదువు అమెరికాలో వారానికొక్కసారి, ఎక్కువచోట్ల ఆదివారం ఉదయం, ఈడును బట్టి తరగతులుగా, హాజరుపట్టీతో, ఇంగ్లిష్‌లో సాగుతుంది. ఈ పద్ధతిని కైరో నుంచో దేవ్‌బంద్ నుంచో ఎవరూ పట్టుకెళ్లలేదు. పరాయి గడ్డ మీద పిల్లలు ఏమైపోతారోనన్న బెంగతో తల్లిదండ్రులు అక్కడే, పొరుగువాళ్లను చూసి కట్టుకున్న బడి అది. దాని మొదలు వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ముందు ఒక క్రైస్తవ పత్రికాధిపతి, ఆయన తర్వాత ఒక యూదు మహిళ కనిపిస్తారు.

పత్రికాధిపతి పేరు రాబర్ట్ రైక్స్. ఊరు ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్. ఆ ఊళ్లో గుండుసూదుల తయారీ పెద్ద పరిశ్రమ. పేదపిల్లలు వారమంతా ఆ పనిలోనే ఉండేవాళ్లు. వాళ్లకు తీరిక ఆదివారం ఒక్కటే. 1780లో రైక్స్ ఆ ఒక్కరోజునే పట్టుకుని వాళ్లకు చదవడం నేర్పించే ఏర్పాటు చేశాడు. అంతకుముందూ అలాంటి ప్రయత్నాలు అక్కడక్కడా జరిగాయి కానీ, చేతిలో పత్రిక ఉండటంతో ఆయన మాట దేశమంతా పాకింది, సముద్రం కూడా దాటింది. అమెరికాలో ఈ బళ్లకు పాఠ్యపుస్తకాలు అచ్చువేసే సంఘం 1824లో ఫిలడెల్ఫియాలో ఏర్పడింది.

అదే ఫిలడెల్ఫియాలో 1838లో రెబెకా గ్రాట్జ్ అనే మహిళ యూదు పిల్లల కోసం ఆదివారం బడి తెరిచింది. యూదులకు పవిత్రమైన రోజు శనివారం. అయినా ఆదివారమే ఎంచుకుంది, చుట్టూ ఉన్న ఊరు ఆగేది ఆరోజే కాబట్టి. పాఠాలు చెప్పింది ఆడవాళ్లే, జీతం లేకుండా. పుస్తకాలు దొరకలేదు. క్రైస్తవ సంఘం అచ్చువేసిన పాఠాలే తెచ్చుకుని, తమ మతానికి సరిపడని వాక్యాల మీద కాగితాలు అతికించి పిల్లల చేతికిచ్చారు. ఆ పుస్తకాలు నాకు చాలా గొప్పగా తోస్తాయి. తమకంటూ ఏమీ లేనప్పుడు పక్కింటిదే తెచ్చుకుని, తమకు పనికొచ్చేలా సరిచేసుకున్న చిన్న సమాజం పట్టుదల అంతా ఆ అతికించిన కాగితాల్లో ఉంది. ముస్లింలు నడవబోయే దారి కూడా ఇదే.

అయోవా రాష్ట్రంలోని సీడర్ ర్యాపిడ్స్‌కు సిరియా, లెబనాన్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లలో చాలామంది వీధుల్లో తిరిగి సరుకులమ్మి, తర్వాత కిరాణా దుకాణాలు పెట్టుకున్నవాళ్లు. ఆర్థిక మాంద్యం పీడిస్తున్న రోజుల్లో, 1934లో, వాళ్లు ఒక చిన్న చెక్క మసీదు కట్టుకున్నారు. ఇవాళ దాన్ని ‘మదర్ మాస్క్’ అంటారు. శుక్రవారం దుకాణం మూస్తే బేరం పోతుంది. పిల్లలేమో ఆరోజు ప్రభుత్వ బడిలో ఉంటారు. అందరూ కలిసేది ఆదివారమే. అలా సౌలభ్యం కోసం మొదలైనదే వ్యవస్థగా స్థిరపడింది. ఆ ఊరి కుర్రాడు అబ్దుల్లా ఇగ్రామ్ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున పోరాడాడు. అప్పట్లో సైనికుడి మెడలో వేసే గుర్తింపు బిళ్ల మీద క్రైస్తవుడికి, యూదుడికి అక్షరాలుండేవి, ముస్లింకు ఉండేది కాదు. ఆ లోటు మనసులో పెట్టుకుని తిరిగొచ్చిన ఆయన, చెదిరి ఉన్న మసీదులను 1952లో ఒక సమాఖ్య కిందికి తేవడంలో ముందు నిలిచాడు. కొత్తతరానికి దీన్ నేర్పడం ఎలా అన్నది ఆ కలయికల్లో ప్రధాన చర్చ.

ఒహాయోలోని టొలీడోలో 1954లో మసీదు వచ్చింది. అక్కడా ఆదివారమే సందడి. పెద్దలకు ప్రసంగం, పిల్లలకు తరగతులు. అబ్దో ఎల్‌ఖోలీ అనే సామాజిక శాస్త్రవేత్త టొలీడో, డెట్రాయిట్ అరబ్బు ముస్లింలను పోల్చి 1966లో ఒక పుస్తకం వెలువరించాడు. అమెరికా జీవితంలో ఎక్కువగా కలిసిపోయింది టొలీడోవాళ్లు. మతనిష్ఠ తగ్గాల్సింది వాళ్లలోనే కదా అనుకుంటాం. ఆయన చూసింది దానికి పూర్తిగా విరుద్ధం: టొలీడోవాళ్లే మసీదుకు ఎక్కువ దగ్గరగా ఉన్నారు. పొరుగువారిలో కలిస్తే పిల్లలు చేజారిపోతారని భయపడే ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ప్రభుత్వ బడిలోనే మతపాఠం ఎందుకు చెప్పించుకోలేదన్న సందేహం రావచ్చు. ఇలినాయ్ రాష్ట్రంలోని షాంపేన్ పట్టణంలో ప్రొటెస్టెంట్లు, క్యాథలిక్కులు, యూదులు కలిసి బడిగదుల్లోనే మతతరగతులు నడిపారు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. దాంతో ఎవరి మతం వాళ్లు, బడి ఆవరణ బయట, సొంత గడపలో నేర్పుకోవాల్సిందే. షాంపేన్‌ను ఆనుకునే ఉన్న అర్బానాలో, ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో, 1963 జనవరి 1న వివిధ దేశాల ముస్లిం విద్యార్థులు సంఘం పెట్టుకున్నారు. చదువైపోగానే స్వదేశం వెళ్లిపోదామనే వాళ్లలో చాలామంది ఉద్దేశం. కానీ 1965 వలస చట్టం తలుపులు తెరిచింది, పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. ఉస్మానియాలో చదివిన హైదరాబాద్ డాక్టర్లు, ఇంజినీర్లు ఎందరో ఈ తరంలోనే వెళ్లారు. షికాగోలో ముస్లిం కమ్యూనిటీ సెంటర్ 1969లో మొదలైంది. ఎల్స్టన్ అవెన్యూలో అది నడిచే భవనం ఒకప్పటి సినిమా హాలు.

అసలు కష్టం అప్పుడే మొదలైంది. సీడర్ ర్యాపిడ్స్‌లో అందరిదీ దాదాపు ఒకే ప్రాంతం, ఒకే భాష. ఇప్పుడు తరగతిలో హైదరాబాదీ, ఈజిప్షియన్, బోస్నియన్, సోమాలీ పిల్లలు, వాళ్ల పక్కనే కొన్ని తరాలుగా అమెరికాలోనే ఉన్న నల్లజాతి ముస్లింల బిడ్డలు. (వాళ్ల దారి వేరేగా మొదలైంది. డెట్రాయిట్‌లో క్లారా మొహమ్మద్ 1930ల్లోనే పిల్లలను ప్రభుత్వ బడికి పంపకుండా సొంతంగా చదువు చెప్పించింది. అది పూర్తికాలపు బడి, దాని కథ విడిగా చెప్పుకోవాలి.) జొహర్ నమాజుకు ఈ పిల్లలంతా వరుసకట్టినప్పుడు చూడండి. హైదరాబాదీ పిల్లాడు ఇస్లామీ ధర్మశాస్త్ర మార్గాల్లో ఒకటైన హనఫీ పద్ధతిలో బొడ్డు కింద చేతులు కట్టుకుంటాడు. ఇండోనేషియా పిల్లాడు షాఫయీ పద్ధతిలో ఇంకాస్త పైన కడతాడు. పశ్చిమ ఆఫ్రికా మాలికీ ఇంటి నుంచి వచ్చినవాడు, షియా ఇంటి నుంచి వచ్చినవాడు చేతులు వదిలేసి నిలబడతారు. పక్కవాణ్ని చూసి పిల్లాడు అడిగేస్తాడు: ఎవరిది ఒప్పు టీచర్?

మన దగ్గర ఈ ప్రశ్న రాదని కాదు. హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాలున్న చావూష్ కుటుంబాలది షాఫయీ మార్గమే. కాకపోతే ఎవరి మొహల్లా వారిది, ఎవరి మసీదు వారిది. షికాగోలో ఒకటే గది. టీచర్‌గా నిలబడిన తల్లి ముందు తాను నేర్చుకోవాలి: ఏది దీన్, ఏది మా ఊరి ఆనవాయితీ? ఇన్ని మార్గాలనూ పెద్ద ఆలిములు (మత పండితులు) గౌరవించారని చెప్పగలగాలి. నా దృష్టిలో ఆదివారం బడి ఇస్లామీ చదువుకు చేసిన అన్నిటికంటే పెద్ద మేలు ఈ ప్రశ్నను దాటవేయనివ్వకపోవడమే.

పుస్తకాల కొరత మళ్లీ ఎదురైంది. భారత్ నుంచి తెప్పించినవి ఉర్దూలో, అరబ్బు దేశాలవి అరబ్బీలో. రెండూ పిల్లలకు అందవు. ఖురాన్ అర్థం ఇంగ్లిష్‌లో చదవాలంటే అప్పటికి ఆధారం ప్రధానంగా రెండు అనువాదాలు. ఒకటి అబ్దుల్లా యూసుఫ్ అలీది. రెండోది 1930లో వెలువడిన మార్మడ్యూక్ పిక్తాల్‌ది. ఆ పిక్తాల్ మన చాదర్‌ఘాట్ హైస్కూలు హెడ్మాస్టరు. అనువాదం పూర్తిచేయడానికి నిజాం ఆయనకు జీతంతో రెండేళ్ల సెలవిచ్చాడు. అలా హైదరాబాద్ ఖజానా సొమ్ము అమెరికా పిల్లల పాఠానికీ అక్కరకొచ్చింది. కానీ అది పెద్దల భాష. ఏడేళ్ల పిల్లకు ఏడేళ్ల పిల్ల పుస్తకం కావాలి. ఆ పని తలకెత్తుకున్నది షికాగోలో స్థిరపడిన భారతీయ దంపతులు అబీదుల్లా గాజీ, తస్నీమా గాజీ. ఆయన అలీగఢ్, హార్వర్డ్‌లలో చదివినవాడు, ఆమె విద్యాశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. 1983లో ‘ఇఖ్రా’ సంస్థ పెట్టి, తరగతిని బట్టి మాటలు ఎంచి, బొమ్మలు, అభ్యాసాలు చేర్చి ప్రవక్త జీవితం, ఖురాన్, నడవడిక పాఠాలు వరసగా అచ్చువేశారు.

లోటుపాట్లూ ఉన్నాయి. వారానికి రెండు మూడు గంటలు ఏ మూలకూ చాలవు. ఈ ఆదివారం నేర్చిన అక్షరం ఇంట్లో ఎవరూ తిరగేయించకపోతే వచ్చే ఆదివారానికి ఉండదు. గేటు దగ్గర దింపి వెళ్లిపోయే తల్లిదండ్రులు ఎంత మంచి బడినైనా నీరుగారుస్తారు. అదే రోజు, బహుశా అదే వీధిలో, తెలుగువాళ్ల పిల్లలు చిన్మయా మిషన్ బాలవిహార్‌కో, 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడికో వెళ్తుంటారు. వాళ్లదీ ఇదే బెంగ, ఇదే కష్టం.

ఇప్పుడు ఈ బడి మన దగ్గరికీ వస్తోంది. స్కూలు, ట్యూషన్ల మధ్య పిల్లలకు రోజూ మసీదుకు వెళ్లే తీరిక పోయి, సెలవురోజు తరగతులు, వేసవి దీనీ శిబిరాలు పెరుగుతున్నాయి. వాటిని నడిపేవారికి ఒక మనవి. మన జిల్లాల్లో ఎందరో ముస్లిం పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదివేది తెలుగే. ఖురాన్‌ను మొట్టమొదట తెలుగులోకి తెచ్చిన పండితుడు చిలుకూరి నారాయణరావు. పొరుగువారి సాయం మనకూ కొత్త కాదు. అరబ్బీ అక్షరాలతో పాటు, చదివినదాని అర్థం తెలుగులో చెప్పే పుస్తకాలు, ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా, ఈడుకు తగ్గట్టు రాయించండి. రాయగల అమ్మలు, అధ్యాపకులు మన మధ్యే ఉన్నారు. వాళ్లను అడగండి.