పూటకూళ్ల ఇంటి నుంచి మిఠాయి దుకాణం దాకా: గుంటూరు, ప్రకాశం మైదానంలో తీపి చరిత్ర

తెలుగువారి ఆహార చరిత్రను గురించి రాసినవారంతా క్రీడాభిరామంలోని పూటకూళ్ల పద్యం దగ్గర ఒక్కసారైనా ఆగారు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకొనే ఈ వీథి నాటకంలో, అంత పెద్ద నగరంలో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో కూడా ఉంది. లక్ష్మణవజ్ఝల ఇల్లు, వెల ఒక రూక. ఆ రూకకు కప్పురభోగి అన్నం, గోధుమపిండితో చేసిన వంటకం, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, గడ్డపెరుగు విస్తట్లోకి వస్తాయి. క్రీడాభిరామాన్ని విస్తృతంగా వినియోగించుకున్న సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) నాటి నుంచి ఈ పద్యం ప్రధానంగా కాకతీయ రాజధాని వైభవానికి సాక్ష్యంగానే నిలిచింది. దానిని ఓరుగల్లు వైపు నుంచి కాక, రాసిన కవి నేల వైపు నుంచి చదివినప్పుడు వేరొక ప్రశ్న ముందుకు వస్తుంది: ఈ తీపి ఎవరికి అందింది?

క్రీడాభిరామ కర్త వినుకొండ వల్లభరాయుడు. ఈ కృతి శ్రీనాథునిదేనన్న పరిశోధకులూ ఉన్నారు. ఆ వివాదంలో ఏ పక్షం వహించినా ప్రస్తుత చర్చకు వచ్చే నష్టం లేదు. వినుకొండ అయినా, శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న కొండవీడు అయినా పూర్వపు గుంటూరు జిల్లా నల్లరేగడి సీమలోనివే. ఆ సీమ తిండి ఎలాంటిదో శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులు చెబుతాయి. అక్కడ రంభ అయినా ఏకులు వడకవలసిందే, రాజైనా దున్నవలసిందే, మన్మథుడైనా జొన్నకూడే తినవలసిందే. ఆస్థాన కవి వెటకారాన్ని తీసివేసి చూస్తే మిగిలేవి రెండు పంటలు, పత్తి, జొన్న. వాటితోపాటు ఆ పనిచేసే మనుషులు. మిరప అప్పటికి ఈ దేశానికే రాలేదు. మిరపతో ముడివడిన నేటి గుంటూరు రుచిని శ్రీనాథుడు ఎరగడు. లక్ష్మణవజ్ఝల ఇంటి నంజుళ్లలోనూ మిరపకు చోటు లేదు.

జొన్న తినే నేల నుంచి వచ్చిన కవి కన్ను గోధుమపిండి వంటకం మీద, పంచదార మీద పడడంలో ఆశ్చర్యం లేదు. ఆ రెండూ మెట్ట రైతు పొయ్యి మీదికి సులభంగా వచ్చేవి కావు. కప్పురభోగి అనే బియ్యపు పేరులోనే ఉన్న కర్పూరం ఇంకా దూరపు సరుకు. అది దిగిన రేవు మాత్రం ఈ మైదానం అంచునే ఉంది. సముద్ర వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన శాసనం సుంకాలు నిర్ణయించిన సరుకుల్లో కర్పూరం ఒకటి. తరువాతి కాలంలో శ్రీనాథుని హరవిలాసాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయసెట్టి సముద్ర వ్యాపారంలో పేరుపొందిన సుగంధద్రవ్యాల వర్తకుడు. సుగంధం మోటుపల్లిలో దిగి నగరాలకూ కోటలకూ పోయింది. దారిలోని ఊళ్లకు జొన్న మిగిలింది. పండుగ నాటి తీపికి వాటికి బెల్లం ఉంది. సజ్జ బూరెలు, అరిసెలు దాని సంతానమే.

పద్యం వెల చెప్పింది గాని పంక్తిని గురించి చెప్పలేదు. ఆనాటి చౌకదనాన్ని మెచ్చుకొనే వ్యాఖ్యానాలు ఈ మౌనాన్ని దాటవేశాయి. భోజనం దొరికేది ఒక బ్రాహ్మణ గృహంలో. చేతిలో రూక ఉన్నంత మాత్రాన పల్నాటిలో ఏకులు వడికే మనిషికి ఆ ఇంట విస్తరి వేసేవారని అనుకోవడానికి కావ్యం ఆధారమివ్వదు. పూటకూళ్ల వ్యవస్థ చాలా కాలం నడిచింది. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో విజయనగరం పూటకూళ్లమ్మ దాని చివరి దశకు ప్రతినిధి. వృత్తి అదే అయినా లక్ష్మణవజ్ఝలకు దక్కిన ప్రశంస ఆమెకు దక్కలేదు. ఆమె హాస్యానికి పాత్రమైంది. తరువాత పట్టణాల్లో వెలసిన బ్రాహ్మణ కాఫీ హోటళ్లు పాత పంక్తినే కొత్త బల్లల మీదికి తెచ్చాయి.

భాష ఈ మార్పును మరోవిధంగా నమోదు చేసింది. ‘పిండివంట’ ఇంటిది, పండుగది, పెళ్లిది; అందులో కారమూ చేరుతుంది. హిందుస్తానీ నుంచి వచ్చిన ‘మిఠాయి’ అంగడిది. మిఠాయి కొట్టు, మిఠాయి బండి అన్న మాటలు ఎంత సహజమో, మిఠాయి వండుకున్నామనడం అంత అసహజం. అంగట్లోకి వచ్చిన తీపికి ఊరిపేరు కూడా అవసరమైంది. ఇంట్లో చేసే అరిసెకు ఊరు లేదు. అమ్మకానికి పెట్టిన లడ్డు బందరుది, కాజా తాపేశ్వరానిది, పూతరేకు ఆత్రేయపురానిది. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో లభించిన భౌగోళిక గుర్తింపు ఈ అంగడి సంప్రదాయానికి చట్టం వేసిన ముద్ర. ఒంగోలు సంగతి ఇంకా విచిత్రం. మైసూరు రాజప్రాసాదపు వంటశాలలో పుట్టిందని చెప్పే మైసూర్‌పాక్, అల్లూరయ్య అనే పేరుతో కలిసి ఒంగోలు గుర్తుగా స్థిరపడింది. హైదరాబాదులో సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో పెట్టిన బేకరీకి కరాచీ పేరు ఉండడమూ, ఆంధ్ర పట్టణాల్లో బెంగళూరు అయ్యంగార్ల పేరు మీద బేకరీ బోర్డులు కనిపించడమూ ఇదే కోవలోనివి. కొనేవాడికి తీపి ఎప్పుడూ పక్క నగరానిదే కావాలి కాబోలు.

బేకరీ ప్రస్తావన వచ్చింది కనుక రొట్టె గురించి కొంత చెప్పుకోవాలి. ఆవిరిమీద ఉడికించడం, నూనెలో వేయించడం, పెనం మీద కాల్చడం, పాకం పట్టడం తెలిసిన తెలుగు వంటింట్లో, పులిసిన గోధుమపిండిని మూసిన భట్టీలో కాల్చే పద్ధతి లేదు. మూకుడులో మూతపెట్టి సన్నని సెగమీద కాల్చే దిబ్బరొట్టె దానికి కొంత దగ్గరి చుట్టం. 1842లో హేయర్ గుంటూరుకు వచ్చి లూథరన్ మిషన్ ప్రారంభించాడు. క్రీస్తు విరిచి ఇచ్చిన ఆహారానికి తెలుగు బైబిలులో ఉన్న మాట ‘రొట్టె’. పల్నాటి శ్రోతకు ఆ మాట వినగానే మనసులో మెదిలేది జొన్నరొట్టె. మూల భాషల్లోని గోధుమ తెలుగు మాటలో మెట్టపంటగా మారిందన్నమాట. బేకరీ వచ్చాకనే ‘బ్రెడ్’ అనే వేరు పేరు నిలబడి, రొట్టె మళ్లీ పెనానికి పరిమితమైంది.

బన్ను, కేకు, బిస్కత్తు పుట్టుకతోనే దుకాణపు వస్తువులు. వాటికి ఇంటి గతం లేదు కాబట్టి పంక్తి గతమూ లేదు. డబ్బిచ్చి, అద్దాల బీరువా ముందు నిలబడి తినిపోవచ్చు. జనవరి నుంచి వేసవి దాకా గుంటూరు మిర్చి యార్డుకు సరుకుతో వచ్చే రైతుకూ, బస్తాలు మోసే హమాలీకీ బేకరీ ఇచ్చింది ఈ నిలబడే చోటునే. మైదానపు తీపి చరిత్రలో లక్ష్మణవజ్ఝల ఇంటి గోధుమ వంటకం కన్నా టీలో ముంచుకునే బన్నుకే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంటుంది. దాన్ని కీర్తించిన కవి ఇంకా లేకపోవచ్చు.

ఇటీవలి దశాబ్దాల్లో పిండివంట కూడా అంగడికి వచ్చింది. అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు కిలోల లెక్కన తూచి అమ్మే దుకాణాలు గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేటల్లో ఉన్నాయి. ఇలాంటి చాలా దుకాణాల బోర్డు మీద కనిపించే మాట ‘స్వగృహ’. వెల కట్టి అమ్మిన భోజనాన్ని క్రీడాభిరామం కూడా ఇంటి పేరుతోనే పరిచయం చేసింది. అక్కడ యజమాని పేరుంది, పొయ్యి దగ్గర ఉన్నవారి పేరు లేదు. స్వగృహ దుకాణాల వెనుక గదుల్లో పాకం చూసి పిండి కలిపేవారిలో కూలికి వచ్చిన స్త్రీలు ఉన్నారు. వారి పేర్లు ఏ బోర్డు మీదా ఉండవు.